‘అన్ని అనుమతులూ ఉన్నాయి’ అంటే ఏమేం ఉన్నట్టు?

విశాఖ నుంచి భీమిలి దాకా తీరం వెంబడి లేస్తున్న ఎత్తైన అపార్ట్‌మెంట్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు. పట్టణ ప్రణాళిక, తీర నియంత్రణ, నిర్మాణ ఇంజినీరింగ్ తెలిసినవారు రాసినవి.

ప్రశ్న: రుషికొండ వైపు వస్తున్న 22 అంతస్తుల ప్రాజెక్టులో ఫ్లాట్ చూశాం. అన్ని అనుమతులూ వచ్చేశాయంటున్నారు. ఫైలు అడిగితే ప్లాన్ కాపీ, ఈసీ, రెరా నంబరు చూపించారు. ఇవి చాలా? (మధురవాడ పాఠకురాలు)

చాలవు. ముందు ఆ ‘ఈసీ’ ఏ ఈసీయో తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు అందులో కనిపిస్తాయి. పెద్ద ప్రాజెక్టుల దగ్గర ఈసీ అంటే ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్, అంటే పర్యావరణ అనుమతి. ‘ఈసీ ఉందా’ అని అడిగితే ఉందని మొదటిది చూపించి పంపేయడం కొత్తేమీ కాదు. అబద్ధమూ చెప్పినట్టు కాదు, నిజమూ చెప్పినట్టు కాదు. రెండూ విడివిడిగా పేరు పెట్టి అడగండి.

పర్యావరణ అనుమతి ఎప్పుడు కావాలంటే, 2006 సెప్టెంబరు నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం మొత్తం నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరినప్పుడు. ఇక్కడే లెక్క తప్పిస్తారు. ఈ విస్తీర్ణంలో అమ్ముకునే ఫ్లాట్లే కాదు, సెల్లార్లు, పార్కింగు, క్లబ్ హౌస్, సర్వీసు గదులు అన్నీ కలుస్తాయి. ఒక్కో అంతస్తు 780 చదరపు మీటర్లు అనుకుంటే 22 అంతస్తులకు 17,160. పరిమితి లోపే ఉన్నట్టు కనిపిస్తుంది. కింద 2,000 చదరపు మీటర్ల చొప్పున రెండు సెల్లార్లు కలిపితే 21,160. అనుమతి తప్పనిసరి అయిపోయింది.

ఇక కాగితాల వరస. వీటిని వచ్చిన తేదీల క్రమంలో పరుచుకుని చదవాలి. అడుగున భూమి పత్రాలు: లింక్ డాక్యుమెంట్లు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) లేదన్న నిర్ధారణ. తీర మండలాల్లో డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి, ఎక్కువ. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వాటికి అడ్డుపడుతుంది. దాని మీద మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో చెప్పే పత్రం. విశాఖ మహానగర ప్రాంతానికి 2041 మాస్టర్ ప్లాన్ ఉంది. ఆపైన తీర నియంత్రణ అనుమతి, నౌకాదళం ఇచ్చే ఎత్తు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), అగ్నిమాపక శాఖ తొలి ఎన్‌ఓసీ, పర్యావరణ అనుమతి. వీటన్నిటి మీద జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) లేదా వీఎంఆర్‌డీఏ (మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) మంజూరు చేసిన ప్లాన్. చివర రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద నమోదు.

ప్లాన్ తేదీ తర్వాత ఏదైనా ఎన్‌ఓసీ వచ్చి ఉంటే, ఆ ప్లాన్ షరతులతో ఇచ్చిందన్నమాట. ఆ షరతులు డ్రాయింగు మీద ఉండవు. మంజూరు ఉత్తర్వులో, అదే ప్రొసీడింగ్స్‌లో, రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఉంటాయి. బిల్డరు రంగురంగుల డ్రాయింగు ఇస్తాడు, ప్రొసీడింగ్స్ ఇవ్వడు. మీకు కావాల్సింది ప్రొసీడింగ్సే. రెరా చట్టం 19వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లాన్లు, వాటి వివరాలు తెలుసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంది. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

రెరా నంబరు విషయం. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమైనా, 8 ఫ్లాట్లకు మించినా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అన్న మాటే చట్టానికి ఎదురు. అయితే రెరా నంబరు భూమి హక్కుకు గ్యారంటీ కాదు, తీర నియంత్రణకు సమాధానమూ కాదు. బిల్డరు సమర్పించిన కాగితాల ఆధారంగా ఇచ్చిన నమోదు అది. దాని అసలు ఉపయోగం వేరు. ఆ కాగితాలు రెరా వెబ్‌సైట్‌లో ఉంటాయి, దించుకుని చదవొచ్చు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షన్ చెబుతుంది. కొనుగోలుదారుల దగ్గర వసూలైన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. మీ చెక్కు ఏ ఖాతా పేరు మీద రాయమంటున్నారో చూడండి.

ప్రశ్న: భీమిలి దారిలో మా కుటుంబానికి ఎకరం స్థలం ఉంది. డెవలప్‌మెంటుకు అడుగుతున్నారు. సముద్రం నుంచి టేపు పెట్టి కొలిస్తే 300 మీటర్లు వచ్చింది. ‘మధ్యలో బీచ్ రోడ్డు ఉంది కాబట్టి సీఆర్‌జెడ్ బాధ లేదు, 15 అంతస్తులు లేపొచ్చు’ అంటున్నారు. నిజమేనా? (భీమిలి పాఠకుడు)

సగం నిజం. ప్రమాదం ఆ మిగతా సగంలోనే ఉంది.

మొదట కొలత సంగతి. సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) దూరాన్ని అలలు తాకే చోటు నుంచి కొలవరు. అమావాస్య, పౌర్ణమి నాటి పెద్ద పోటులో నీరు నేల మీదకు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీత నుంచి కొలుస్తారు. దాన్ని హై టైడ్ లైన్ అంటారు. ఆ గీతను ఎవరు పడితే వాళ్లు గీయడానికి లేదు. కేంద్రం గుర్తించిన సంస్థలు గుర్తిస్తాయి. చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం, అన్నా విశ్వవిద్యాలయపు రిమోట్ సెన్సింగ్ సంస్థ వాటిలో ఉన్నాయి. ఆ సంస్థ 1:4000 స్కేలు మ్యాపు మీద మీ స్థలం సరిహద్దులు వేసి ఇస్తుంది. ఈ స్కేలులో మ్యాపు మీద ఒక సెంటీమీటరంటే నేల మీద 40 మీటర్లు. మీ టేపు కొలతకూ ఆ మ్యాపుకూ యాభై అరవై మీటర్ల తేడా వస్తే ఆశ్చర్యపోకండి.

సముద్ర ముఖాన ఆ గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలమే. మీ 300 మీటర్లు కాస్త అటూ ఇటూ అయినా దాని లోపలే.

ఇక అసలు ప్రశ్న: మీ స్థలం సీఆర్‌జెడ్-2లో ఉందా, 3లో ఉందా? దూరం ఒకటే అయినా ఈ రెంటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. రెండో తరగతి అంటే నగర హద్దుల్లో ఇప్పటికే ఇళ్లతో నిండిన ప్రాంతం: సగానికి మించిన ప్లాట్లలో కట్టడాలు, రోడ్లు, మురుగు కాలువలు, నీటి పైపులు ఉన్నది. అక్కడ ముందునుంచీ ఉన్న రోడ్డుకు గానీ, అనుమతితో కట్టిన పాత కట్టడానికి గానీ నేల వైపున స్థానిక ప్రణాళిక నిబంధనల ప్రకారం కట్టుకోవచ్చు. మీకు చెప్పిన రోడ్డు సూత్రం ఇదే. ఇది సీఆర్‌జెడ్-2కే వర్తిస్తుంది.

మూడో తరగతిలో, అంటే గ్రామీణ స్వభావం ఉన్న తీరంలో, రోడ్డు ఉన్నా లేకపోయినా ఒకటే. 2011 నాటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణం లేదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య స్థానికుల సంప్రదాయ హక్కులకు లోబడిన ఇళ్లకే చోటు, అవీ 9 మీటర్ల ఎత్తు, కింద ఒకటి పైన ఒకటి, రెండే అంతస్తులు. అక్కడ 15 అంతస్తుల మాటే లేదు. 2019 నోటిఫికేషన్ ఈ మూడో తరగతిని మళ్లీ రెండు చేసింది. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉంటే 3-ఏ, అక్కడ నిషేధం 50 మీటర్లు. అంతకు తక్కువుంటే 3-బి, అక్కడ 200 మీటర్లే.

రోడ్డు సూత్రంలో ఇంకో ముల్లుంది. పాత రోడ్డుకు సముద్రం వైపున కొత్తగా మరో రోడ్డు వేసి, దానికి ఇవతల ఉన్నాం కాబట్టి కట్టుకుంటామంటే కుదరదు. నోటిఫికేషన్ ఆ దారి మూసేసింది. 2011 నోటిఫికేషన్‌లో ‘ఉన్న’ రోడ్డు అంటే 1991 ఫిబ్రవరి 19 నాటికి ఉన్నది. ఎన్ని అంతస్తులు లేపొచ్చో తేల్చే ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చన్న నిష్పత్తి) కూడా 2011 నోటిఫికేషన్‌లో అదే 1991 నాటి నిబంధనలకు కట్టుబడాలి. 2019 నోటిఫికేషన్‌లో ఆ తేదీ 2019 జనవరి 18కి జరిగింది.

మరి మీకు 2011దా, 2019దా? 2019 నోటిఫికేషన్ దానంతట అది అమల్లోకి రాదు. దాని ప్రకారం సవరించిన తీర మండల నిర్వహణ ప్రణాళికను కేంద్ర పర్యావరణ శాఖ ఆమోదించాకే వర్తిస్తుంది. అప్పటిదాకా 2011దే నడుస్తుంది. అందుకని డెవలపరు ‘కొత్త రూల్స్ వచ్చాయండీ, 50 మీటర్లే’ అంటే, ఆమోదం పొందిన ఏ మ్యాపు, ఏ షీటు, ఏ తేదీ అని అడగండి. జవాబు ఏపీ కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీ నుంచి కాగితం మీద రావాలి.

గోస్తని నదికి గానీ, పోటు నీరు ఎక్కే గెడ్డకు (వాగుకు) గానీ దగ్గర్లో ఉన్నవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. వాటి ఒడ్డునా సీఆర్‌జెడ్ ఉంటుంది. 2011 ప్రకారం 100 మీటర్లు, 2019 ప్రకారం 50 మీటర్లు, లేదా ఆ పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది. పోటు ప్రభావం ఎక్కడిదాకా అనేదాన్ని ఉప్పదనంతో తేలుస్తారు. బాగా ఎండిపోయిన కాలంలో నీటిలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉన్నంత దూరం. వానాకాలంలో కొలిచి ‘మంచినీళ్లే’ అని తెచ్చిన నివేదికకు విలువ లేదు.

మీ ఎకరంలో కొంత భాగమే 500 మీటర్ల గీత లోపలికి వస్తే పరిస్థితి తేలిక. గీతకు బయట టవరు, లోపల పచ్చిక, నడక దారి పెట్టుకునేలా డిజైను చేస్తారు. కానీ గీత ఎక్కడ పడుతుందో తెలియకుండా డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి. 15 అంతస్తుల వాటా రాసుకుని, తీరా రెండే లేస్తే ఆ స్థలం ఏళ్ల తరబడి అగ్రిమెంటులో ఇరుక్కుంటుంది. ‘సీఆర్‌జెడ్ అనుమతి ఇన్ని నెలల్లో రాకపోతే ఒప్పందం రద్దు, జీపీఏ (మీరు బిల్డరుకిచ్చే అధికార పత్రం) రద్దు’ అన్న వాక్యం తప్పక రాయించుకోండి.

ప్రశ్న: పంచాయతీయో, మున్సిపాలిటీయో అనుమతి ఇచ్చి, ఇంటి పన్ను కూడా వేశాక మళ్లీ కూల్చేదెవరు? (పరవాడ పాఠకుడు)

కొచ్చి పక్కనున్న మరడులో జరిగింది చూడండి. పంచాయతీ 2006లో అనుమతులిచ్చింది. తీర మండల అథారిటీ అనుమతి తీసుకోలేదు. 2007లో పంచాయతీయే షోకాజ్ నోటీసులిచ్చింది. బిల్డర్లు కోర్టుకు వెళ్లారు. ఆ మధ్యలో కట్టడం పూర్తయింది, ఫ్లాట్లు అమ్ముడయ్యాయి, జనం కాపురాలు పెట్టారు. 2010లో మరడు మున్సిపాలిటీ అయింది, కాబట్టి అది సీఆర్‌జెడ్-2 అన్న వాదనా చేశారు. అనుమతి ఇచ్చిన నాటి ప్రణాళిక మ్యాపులో అది సీఆర్‌జెడ్-3. సుప్రీంకోర్టు 2019 మే 8న కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు సముదాయాలు పేలుడు పదార్థాలతో నేలమట్టమయ్యాయి. యజమానులకు తాత్కాలిక పరిహారంగా కోర్టు ఇప్పించింది ఒక్కో ఫ్లాటుకు 25 లక్షలు.

భీమిలి, దాని చుట్టుపక్కల పల్లెలు జీవీఎంసీలో కలిశాయి కదా అని తీర తరగతి మారిపోదు. ఊరి హోదా మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. తీర తరగతి మారాలంటే ప్రణాళిక మ్యాపు సవరించి కేంద్రం ఆమోదించాలి. ఇంటి పన్ను రసీదు ఏ అనుమతికీ ప్రత్యామ్నాయం కాదు. అనుమతి లేని కట్టడానికీ పన్ను వేస్తారు.

ప్రశ్న: బ్రోచర్‌లో ‘స్టిల్ట్ ప్లస్ 20’ అని ఉంది. నేవీ అంత ఎత్తుకు ఒప్పుకోదని ఎవరో అన్నారు. ఇంత ఎత్తు వరకు అని ఎలా లెక్కవేస్తారు? (ఎండాడ పాఠకుడు)

విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగా మీద నడుస్తుంది. అందుకే ఇక్కడ ఎత్తు ఎన్‌ఓసీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కాకుండా నౌకాదళం ఇస్తుంది. భీమిలికి ఉత్తరాన ఉన్న స్థలాలకు భోగాపురం విమానాశ్రయం గీసే హద్దులూ చూడాలి. భీమిలిలో ఐఎన్ఎస్ కళింగ లాంటి రక్షణ స్థావరాల ప్రహరీకి దగ్గరుంటే ఆ దూరపు నిబంధన వేరేగా వర్తిస్తుంది.

ఎన్‌ఓసీలో రాసే ఎత్తు నేల మీద నుంచి కాదు, సగటు సముద్ర మట్టం నుంచి. కొండవాలు ఎక్కువున్న ఈ తీరంలో ఈ ఒక్క మాటే అంతస్తులు తేలుస్తుంది. ఉదాహరణకు అనుమతించిన గరిష్ఠ మట్టం 100 మీటర్లు, స్థలం మట్టం 38 మీటర్లు అనుకుందాం. మిగిలింది 62. ఇందులోనే లిఫ్టు గది, ఓవర్‌హెడ్ ట్యాంకు, పిడుగు కడ్డీ, సెల్ టవరు పెడితే అదీ ఇమడాలి. వీటికి 7 మీటర్లు తీసేస్తే పైకప్పు స్లాబుకు 55. స్టిల్టుకు, అంటే అడుగున పార్కింగు అంతస్తుకు, 4 పోతే 51. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున 17 అంతస్తులు. బ్రోచర్‌లో ఉన్న 20 ఇందులో పట్టవు. స్థలాన్ని మట్టి పోసి రెండు మీటర్లు మెరక చేశారంటే అదీ ఈ ఎత్తులోంచే పోతుంది.

దరఖాస్తులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరాలు కొన్ని ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, డబ్ల్యూజీఎస్-84 అనే గణిత ఉపరితలం నుంచి. మన దేశంలో ఈ రెంటికీ పదుల మీటర్ల తేడా ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలు డబ్ల్యూజీఎస్-84లో, ఎత్తు సగటు సముద్ర మట్టంలో ఇవ్వాలి. సర్వే బెంచ్‌మార్కు నుంచి లెవెలింగ్ చేసి తెచ్చిన సర్టిఫికెట్ లేకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది. లేదా, అంతకంటే ఘోరంగా, తప్పుడు అంకెతో ఎన్‌ఓసీ వచ్చి తర్వాత రద్దవుతుంది.

ఆకాశం ఒప్పుకున్నా నేల ఒప్పుకోవాలి. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ, ముందు రోడ్డు వెడల్పు పెరుగుతాయి. లెక్క తెలియడానికి ఉమ్మడి రాష్ట్రపు 2012 నాటి జీవో 168 పట్టిక చూడండి. 21 మీటర్ల ఎత్తుకు చుట్టూ 7 మీటర్లు, 30కి 10, 50 దాటి 55 దాకా 16 మీటర్లు, 30 మీటర్ల రోడ్డు. 60 మీటర్ల చదరం స్థలంలో నాలుగు వైపులా 16 వదిలితే మిగిలేది 28కి 28, అంటే 784 చదరపు మీటర్ల అడుగు. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత 2017లో జీవో 119తో కొత్త భవన నిబంధనలు వచ్చాయి, వాటికీ సవరణలు వస్తూనే ఉన్నాయి. దరఖాస్తు తేదీనాడు అమల్లో ఉన్న పట్టికే మీకు లెక్క.

ప్రశ్న: మా ఇంటి పక్క స్థలంలో రెండు టవర్లు వస్తున్నాయట. అభ్యంతరం ఎక్కడ చెప్పాలి? బోర్లు వేస్తే మా బావి ఉప్పగా మారుతుందా? (తీర కాలనీ వాసులు)

భవన నిర్మాణ ప్రాజెక్టులకు ఈఐఏ నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ఎవరో వచ్చి సభ పెట్టి అడుగుతారని చూస్తూ కూర్చోవద్దు. దరఖాస్తు దశలో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఆ ప్రాజెక్టు పత్రాలు వెతికి, రాష్ట్ర మదింపు కమిటీకి లిఖితపూర్వకంగా రాయండి. ‘మాకు ఇబ్బంది’ అన్న ఉత్తరాన్ని పక్కన పడేస్తారు. ‘దరఖాస్తులో గెడ్డ చూపలేదు, సర్వే మ్యాపులో ఉంది, కాపీ జతచేశాం’ అన్న ఉత్తరానికి జవాబు ఇవ్వక తప్పదు. అనుమతి వచ్చాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు మన్నిస్తారు. ఆ తర్వాత తలుపు మూసినట్టే. మన ప్రాంతానికి చెన్నైలోని దక్షిణ బెంచి. ప్లాన్ కాపీలకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఈ రెండు గడువులూ ఒకటే కనుక ఆర్టీఐ జవాబు వచ్చాక అప్పీలు చూద్దామనుకుంటే చేతిలో రోజులుండవు. పత్రికల్లో అనుమతి ప్రకటన పడ్డ రోజు నుంచే లెక్కపెట్టుకోండి.

బావి సంగతి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన మీటరు మంచినీరుంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే. అదే లెక్కన పై మట్టం అర మీటరు తగ్గితే అడుగున ఉప్పునీరు 20 మీటర్లు పైకి జరుగుతుంది. బోరు లోతు పెంచడం ఇక్కడ మందు కాదు, రోగమే. బోర్లు తవ్వడానికి ముందే సెల్లారు గోతిలో నీళ్లు తోడటంతో మట్టం పడిపోతుంది. నెలల తరబడి పంపులు రాత్రింబగళ్లు నడుస్తాయి. అందుకే పని మొదలవక ముందే మీ బావి నీటి మట్టం, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు), క్లోరైడు కొలిపించి తేదీతో నివేదిక పెట్టుకోండి. తర్వాత కొలిస్తే పోల్చడానికేమీ ఉండదు. బోరు తవ్వకానికి 2002 నాటి ఏపీ వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. సీఆర్‌జెడ్‌లో భూగర్భ జలం తోడటం మీద అదనపు ఆంక్షలున్నాయి. టవర్లకు రోజువారీ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో పర్యావరణ అనుమతి పత్రంలో రాసి ఉంటుంది. మున్సిపల్ నీరు అని రాసి ఉంటే ఆ సరఫరా హామీ పత్రం అడగండి. అది లేకపోతే ట్యాంకర్లు, బోర్లు అనుకోవాలి.

ప్రశ్న: సముద్రం పక్కన కట్టిన భవనాల్లో పదేళ్లకే స్లాబు పెచ్చులు ఊడుతున్నాయి. ఎత్తైన టవరు కొనేముందు ఏం చూడాలి? హుద్‌హుద్ లాంటి తుపానుకు తట్టుకుంటుందా? (లాసన్స్ బే పాఠకురాలు)

పెచ్చులు ఊడటానికి కారణం ఉప్పు గాలి. అందులోని క్లోరైడు కాంక్రీటులోకి మెల్లగా ఇంకి ఇనుమును చేరుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు అడుగుతుంది కాబట్టి పైన కాంక్రీటును లోపలినుంచి తన్నేస్తుంది. దీనికి అడ్డు రెండే: చిక్కటి కాంక్రీటు, చాలినంత కవరు, అంటే ఇనుము మీద కాంక్రీటు మందం. భారత ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం తీర వాతావరణానికి తెరుచుకుని ఉన్న ఆర్‌సీసీ ‘తీవ్ర’ తరగతి. కనీసం ఎం30 బలం ఉన్న కాంక్రీటు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45కి మించకూడదు, కవరు 45 మిల్లీమీటర్లు. అల తుంపర నేరుగా పడే చోట ‘అతి తీవ్ర’ తరగతి, ఎం35, 340 కిలోలు, 50 మిల్లీమీటర్లు. తప్పు జరిగేది ఎక్కువగా కవరు దగ్గరే. కవర్ బ్లాకులు పెట్టకుండా కంకర రాయి ముక్కలు పెడతారు, కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే ఊచలు అడుక్కి అంటుకుంటాయి. సైటుకు వెళ్తే స్లాబు పోసే ముందు రోజు వెళ్లి బ్లాకుల ఎత్తు చూడండి.

ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలపడం రెండో తప్పు. ఆర్‌సీసీకి వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదు. నీటి పరీక్ష నివేదిక, 28 రోజుల క్యూబు (కాంక్రీటు బలం పరీక్ష) ఫలితాలు ఇవ్వమనండి. పూర్తయిన భవనమైతే కవర్ మీటరుతో స్తంభాలు, బాల్కనీ అంచులు కొలిపించవచ్చు. స్లాబు పగలగొట్టక్కర్లేదు.

గాలి విషయం. విశాఖకు ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. పది మీటర్ల ఎత్తులో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు పడినట్టయితే, సముద్రానికి ఎదురుగా 50 మీటర్ల ఎత్తున వేగం 60 మీటర్లయ్యి ఆ బరువు 220 దాకా పోతుంది. మూలల్లో బయటికి లాగే శక్తి ఇంకా ఎక్కువ. లెక్క ప్రకారం డిజైను చేసిన ఆర్‌సీసీ చట్రానికి గాలితో భయం తక్కువ. ముందు ఎగిరిపోయేవి కిటికీ అద్దాలు, ముఖభాగానికి అంటించిన ప్యానెళ్లు, టెర్రస్ మీది రేకులు, సోలార్ పలకలు. అద్దం పగిలితే గాలి లోపలికి దూరి ఎదుటి గోడను బయటికి నెడుతుంది. అందుకే స్ట్రక్చరల్ డిజైను బేసిస్ రిపోర్టుతో పాటు కిటికీ ఫ్రేము ఏ గాలి ఒత్తిడికి పరీక్షించారో అడగండి. భూకంపాల పరంగా విశాఖ ఐఎస్ 1893:2016లో జోన్ 2, అన్నిటికంటే తక్కువ తరగతి. ఈ తీరంలో పొడవాటి భవనానికి తరచుగా గాలే పెద్ద లెక్క. బ్రోచర్లో ‘భూకంపాన్ని తట్టుకునే’ అని పెద్దక్షరాలతో రాసి గాలి మాట ఎత్తలేదంటే ఆ రాసినవాడు ఈ ఊరివాడు కాదు.

ప్రశ్న: బుక్ చేసినప్పుడు 12 అంతస్తులు. ఇప్పుడు ‘రివైజ్డ్ ప్లాన్’ అని 15 కడతామంటున్నారు. ఆపగలమా? (కొమ్మాది పాఠకులు)

రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం బిల్డరు కాకుండా మిగిలిన కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే మంజూరైన ప్లాన్ మార్చకూడదు. అగ్రిమెంటులో ఎక్కడో ‘ప్లాన్ మార్పులకు ఇందుమూలంగా సమ్మతిస్తున్నాను’ అన్న వాక్యం పెట్టి, అదే సమ్మతి అంటారు. ఫలానా మార్పు ఇదీ అని చూపించి తీసుకోని గంపగుత్త సంతకం మీద రెరా అథారిటీ ముందు గట్టిగా వాదించవచ్చు. నోయిడా జంట టవర్ల కేసులో సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న కూల్చమనడానికి కారణాల్లో పాత ఫ్లాట్ల యజమానుల సమ్మతి లేకపోవడం ఒకటి, బ్లాకుల మధ్య వదలాల్సిన దూరం వదలకపోవడం ఒకటి. దాదాపు ఏడాదికి, 2022 ఆగస్టు 28న అవి కూలాయి.

మీకు డబ్బు పరంగా పోయేది యూడీఎస్, అవిభక్త వాటా. 4,000 గజాల స్థలంలో 96 ఫ్లాట్లంటే తలా 41.7 గజాలు, 120 అయితే 33.3. మూడు అంతస్తులు పెరిగితే ఎత్తు ఎన్‌ఓసీ, ఫైర్ ఎన్‌ఓసీ, పర్యావరణ అనుమతి కూడా తిరిగి కావాలి. ఇది గుర్తుచేస్తే చాలాసార్లు రివైజ్డ్ ప్లాన్ మాట చల్లబడుతుంది.

ప్రశ్న: తాళాలు ఇస్తామంటున్నారు, ఓసీ ‘వచ్చేస్తుంది’ అంటున్నారు. దిగిపోవచ్చా? (పీఎం పాలెం పాఠకుడు)

దిగకండి. ఎత్తైన భవనానికి అగ్నిమాపక శాఖ రెండుసార్లు చూస్తుంది. ప్లాన్‌కు ముందు ఇచ్చేది తొలి ఎన్‌ఓసీ, కట్టడం పూర్తయ్యాక తనిఖీ చేసి ఇచ్చేది నివాస ఎన్‌ఓసీ. రెండోది లేకుండా ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, కాపురం ఉండటానికి ఇచ్చే పత్రం) రాదు. ఎక్కువగా ఆగేది చుట్టూ ఫైరింజను తిరిగే దారి దగ్గర. 6 మీటర్ల వెడల్పు, 45 టన్నుల బరువు మోయాలి. సెట్‌బ్యాక్ (చుట్టూ వదిలిన ఖాళీ) కింద సెల్లారు పొడిగించి దాని మీద ఈ దారి వేస్తే స్లాబు ఆ బరువుకు డిజైను అయ్యుండాలి. తర్వాత అదే దారిలో ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు, వాచ్‌మన్ గది పెట్టేస్తారు.

ఇంకొకటి చూడండి. 2017 నిబంధనల ప్రకారం బిల్డరు నిర్మిత విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. కింది అంతస్తుల్లో ఫ్లాట్ కొన్నవాళ్లు తమ నంబరు ఆ తనఖాలో ఉందేమో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లో వెతకాలి. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. స్వాధీనం తీసుకున్న తేదీని రాతలో ఉంచుకోండి. నిర్మాణ లోపాలకు బిల్డరు బాధ్యత ఆ తేదీ నుంచి 5 ఏళ్లు. లోపం రాసిచ్చిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి.